పాత బండికి పెట్రోల్ కారుతోందా: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశాలో రాయగడ, గుణుపూర్, కాశీనగర్, పర్లాకిమిడి ఈ లైన్లో తిరిగితే ఓఆర్-18, ఓఆర్-20 ప్లేట్ల బళ్ళు ఇంకా బోల్డు కనబడతాయి, అంటే 2012లో ఓడీ నంబర్లు రాకముందువి, సీడీ హండ్రెడ్లు, స్ప్లెండర్లు, బాక్సర్లు, ఆర్ఎక్స్ హండ్రెడ్లు, ఎవరో ఒకరి తాతగారి బుల్లెట్టు. వీటన్నిటికీ కామన్‌గా ఉండే జబ్బు పెట్రోల్ కారడం. పండక్కి ఊరెళ్తే చాలు నలుగురు ఇదే అడుగుతారు, అందుకే ఒకచోట రాసి పెడుతున్నా. ఇదంతా కార్బొరేటర్ (పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజన్‌కి పంపేది) ఉన్న బళ్ళ గురించే, ఎఫ్ఐ, అంటే ఫ్యూయల్ ఇంజెక్షన్ బళ్ళ సంగతి ఆఖర్న రెండు ముక్కలు చెప్తా.

పెట్రోల్ వాసన వస్తోంది, కింద తడి కూడా ఉంది, గానీ ఎక్కడ్నుంచి కారుతుందో తెలీట్లేదు. ఎక్కడ మొదలెట్టాలి?

ముందు ఒకటి బుర్రలో పెట్టుకోండి, చుక్క పడే చోటు వేరు, కారే చోటు వేరు. పెట్రోల్ పైన కాక్ (ట్యాంక్ కింద పెట్రోల్ ఆన్-ఆఫ్ చేసే కుళాయి) దగ్గర లీకైనా పైపు వెంట జారి, కార్బొరేటర్ పక్కనుంచి దిగి, అన్నిటికన్నా కిందున్న డ్రెయిన్ స్క్రూ దగ్గర చుక్కలా పడుద్ది. మనోళ్ళు అది చూసి బౌల్ (కార్బొరేటర్ అడుగున పెట్రోల్ నిలిచే గిన్నె) ప్యాకింగ్ మార్పించేస్తారు, మర్నాడు మళ్ళీ అదే చుక్క, మళ్ళీ మిస్త్రీని తిట్టుకోడం.

ఇలగ చెయ్యండి. ఇంజన్ పూర్తిగా చల్లారాక, ఆరుబయట, సెంటర్ స్టాండ్ వేసి, కాక్ ఆఫ్ చేసి, ట్యాంక్ కింద నుంచి కార్బొరేటర్ దాకా పాత బనీను గుడ్డతో శుభ్రంగా తుడిచెయ్యండి. ఆరిపోద్ది, పెట్రోల్ కదా ఎంతసేపు. కింద పేపరు పరిచి ఒక అరగంట చూడండి. కాక్ ఆఫ్‌లో ఉన్నా తడి వచ్చిందంటే తేడా ట్యాంక్‌లో గానీ, ట్యాంక్‌కీ కాక్‌కీ మధ్య జాయింట్లో గానీ, కాక్ లోపల గానీ ఉంది. ఆఫ్‌లో రాకుండా ఆన్ చెయ్యగానే వస్తే పైపు లేదా కార్బొరేటర్. ఇంత చిన్న టెస్టుతో సగం పని అయిపోద్ది, ఒక్క పానా కూడా పట్టుకోకుండానే.

ఆన్ చేసినప్పుడు పైనుంచి కిందకి చూసుకుంటూ రండి, కిందనుంచి పైకి కాదు. పొడి వేలు పెట్టి కాక్ వెనక, పైపు మొదలు, పైపు చివర, బౌల్ అంచు ఒక్కోటీ తడుముతూ రండి, వేలు ఎక్కడ ముందు చల్లగా తగిలితే అక్కడే. అప్పటికీ తెలీకపోతే తుడిచిన చోట కొంచెం పౌడర్ జల్లండి, మొహానికి రాసుకునేదే, తడి తగిలిన చోట చార కనబడుద్ది. పాత లీకులైతే పసుపుపచ్చ, గోధుమరంగు మరక కూడా వదుల్తాయి, ఆ మరక పైన అంచు ఎక్కడుందో చూడండి.

కింద పడింది పెట్రోలా ఇంజనాయిలా అని డౌటుంటే రెండు వేళ్ళ మధ్య రాసి చూడండి. చల్లగా తగిలి ఆరిపోతే పెట్రోల్, జిడ్డు ఉండిపోతే ఆయిల్.

కాక్ ఆఫ్ చేస్తే ఆగిపోతోంది అన్నా, అలగే వాడేసుకోవచ్చా?

నాల్రోజులు పార్ట్ దొరికేదాకా అయితే సరే. అదే పద్ధతిగా పెట్టుకోకండి. బండి నడిచేటప్పుడు కాక్ ఆన్‌లోనే ఉంటాది కదా, అప్పుడూ కారుద్ది, మీకు కనబడదు అంతే, గాలికి వెనక్కి వెళ్ళి వేడి ఇంజన్ మీద పడుద్ది. అయినా లీకు ఉన్నా లేకపోయినా బండి ఆపగానే కాక్ ఆఫ్ చెయ్యడం పాత బళ్ళకి మంచి అలవాటు, మన పెద్దోళ్ళు చేసేవారు, ఇప్పుడు ఎవడూ చెయ్యట్లేదు. రాత్రి ఆఫ్ చేసి పడుకుంటే నీడిల్ (బౌల్ నిండగానే పెట్రోల్‌ని ఆపే చిన్న మొన) పాడైనా ట్యాంకంతా నేలపాలవ్వదు.

రాత్రి బండి ఇంట్లో హాల్లోనే పెడతాం, లీకు చిన్నదే, పర్లేదా?

పర్లేదు కాదు. ఇందులో మాత్రం నేను మొహమాటపడను. మన ఊళ్ళల్లో దొంగల భయానికీ వానకీ బండిని వసారాలోకో హాల్లోకో ఎక్కించేస్తారు, పక్క గదిలో గ్యాస్ పొయ్యి, దేవుడి దగ్గర దీపం. పెట్రోల్ ఆవిరి గాలి కన్నా మూడు నాలుగు రెట్లు బరువు, పైకి పోదు, నేల మీదే పాకుతూ పోద్ది, తలుపు కింద సందులోంచి పక్క గదిలోకి వెళ్ళిపోద్ది. మైనస్ 40 డిగ్రీల చలిలో కూడా అంటుకునేంత ఆవిరి వదిలే సరుకు అది, మన ఎండాకాలం గురించి చెప్పక్కర్లేదు. లీకున్న బండి బయటే ఉండాలి, చెయినూ తాళం వేసుకోండి.

ఉదయం లేచి గది నిండా వాసన ఉంటే ముందు లైటు స్విచ్ వెయ్యకండి, ఉన్నది కూడా ఆపకండి. తలుపులు కిటికీలు తీసి, బండిని స్టార్ట్ చెయ్యకుండా తోసుకుని బయటికి తియ్యండి. ట్యాంక్‌లో ఎంతుందో చూడ్డానికి అగ్గిపుల్ల గీసే మహానుభావులు ఇంకా ఉన్నారు, వాళ్ళకి ఒక బ్యాటరీ టార్చి కొనివ్వండి. రిపేర్ చేసేటప్పుడు పక్కన బకెట్టుతో ఇసుక గానీ తడి గోనెసంచి గానీ పెట్టుకోండి. మంటొస్తే నీళ్ళు పొయ్యొద్దు, పెట్రోల్ నీళ్ళమీద తేలి మంటని ఇంకా పరుస్తాది.

పైపు దగ్గర తడిగా ఉంది. ఏ పైపు వెయ్యాలి? సెలైన్ పైపు పనిచేస్తాదా?

సెలైన్ పైపు వాడని ఊరు లేదు, అదేటంటే చేతికి దొరుకుద్ది, లోపల పెట్రోల్ వెళ్ళడం కనబడుద్ది, ఊరికే వస్తాది. కానీ అది పెట్రోల్ కోసం చేసింది కాదు. ఆ ప్లాస్టిక్‌ని మెత్తగా ఉంచే పదార్థాన్ని పెట్రోల్ లాగేస్తాది, కొన్నాళ్ళకి పైపు గట్టిపడి పుల్లలా అయిపోద్ది, పొట్టిదవుద్ది, ఒక గతుకులో కాక్ నుంచి ఊడొచ్చేస్తాది. చేపల తొట్టికి వాడే పైపు కూడా అంతే. దార్లో ఇరుక్కుంటే ఇంటికి చేరడానికి వాడండి, చేరాక తీసేయండి.

షాపులో పెట్రోల్ పైపు అని అడిగి తీసుకోండి, పాత ముక్క పట్టుకెళ్ళి లోపలి బెజ్జం సరిచూసుకోండి. లీటరు పెట్రోల్ డబ్బుల్లో పైపూ రెండు క్లిప్పులూ వచ్చేస్తాయి, అందుకే పాత పైపు చివర కోసి మళ్ళీ తొడిగే పని నాకు నచ్చదు. కోసినా మిగతా పైపు అదే వయసుది. పైపుని వేళ్ళతో మడిచి చూడండి, మడత మీద సన్నటి పగుళ్ళు వెంట్రుకల్లా కనబడితే దాని పని అయిపోయినట్టే.

పొడుగు సరిగ్గా ఉండాలి. పొట్టిదైతే ట్యాంక్ ఊగినప్పుడల్లా లాగుద్ది, పొడుగైతే మడతపడి పెట్రోల్ ఆగిపోద్ది లేదా ఇంజన్ రెక్కలకి ఆనుకుని కాలిపోద్ది. క్లిప్పు బదులు కట్టుతీగ చుట్టడం చూస్తుంటాం కదా, ఆ తీగ రబ్బర్ని కోసేస్తాది, స్ప్రింగు క్లిప్పే వెయ్యండి.

కాక్ దగ్గరే కారుతోంది. మొత్తం మార్చాలా?

కాక్‌లో మూడు చోట్ల కారొచ్చు, ఏ చోటో బట్టి ఖర్చు.

ట్యాంక్‌కీ కాక్‌కీ మధ్య తడుంటే లోపల ఓరింగో రబ్బరు వాషరో పోయింది. ట్యాంక్ ఖాళీ చేసి కాక్ విప్పండి. కొన్ని బళ్ళకి పెద్ద నట్టు ఉంటాది, కొన్నిటికి రెండు బోల్టులు. బోల్టుల కింద వాషర్లుంటే పారెయ్యకండి, అవీ సీలింగులో భాగమే. విప్పినప్పుడు లోపల జాలీ గొట్టం ఉంటాది, అది చిరిగిందో లేదో చూడండి, అది చిరిగితే ట్యాంక్ తుప్పంతా కార్బొరేటర్లోకి దిగుద్ది.

లివర్ దగ్గర తడుంటే దాని వెనక బెజ్జాలున్న చిన్న రబ్బరు ముక్క గట్టిపడింది. లివర్ ప్లేటుకి రెండు చిన్న స్క్రూలుంటే విప్పి ఆ రబ్బరూ, దాని మీద వంకర స్ప్రింగు వాషరూ చూడొచ్చు, రబ్బరు విడిగా దొరికితే అదొక్కటే మార్చండి. రివెట్లు కొట్టేసిన కాక్ అయితే విప్పకండి, కాక్ మొత్తం మార్చడమే. స్క్రూలు బిగిస్తే ఆగిపోద్దేమో అని కసిగా తిప్పుతారు, లివర్ బిర్రుగా అయిపోయి రబ్బరు ఇంకా తొందరగా అరుగుద్ది.

మూడోది కింద చిన్న కప్పు, హీరో హోండా రకం కాక్‌లకి ఉంటాది, అందులో మట్టీ నీళ్ళూ దిగుతాయి. దాన్ని విప్పితే ఓరింగ్ ఉంటాది. కప్పు కడిగి, ఓరింగ్ మార్చి, చేత్తో తిప్పి ఆఖర్న పానాతో కొద్దిగా. అది మెత్తటి లోహం, మర పోతే కొత్త కాకే.

కార్బొరేటర్ కింద సన్న పైపులోంచి ధారగా వస్తోంది. ఓవర్‌ఫ్లో, అంటే బౌల్ నిండి పొంగడం, అంటున్నారు. ఏటి చెయ్యాలి?

ఇదే అందరికన్నా ఎక్కువగా వచ్చే కేసు, కొంచెం ఓపిగ్గా చదవండి.

ముందు డ్రెయిన్ స్క్రూ చూడండి. చాలా కార్బొరేటర్లలో డ్రెయిన్, ఓవర్‌ఫ్లో రెండూ ఒకే గొట్టంలోంచి బయటికొస్తాయి. డ్రెయిన్ స్క్రూ లూజైనా, దాని మొనలో ఇసుక రేణువు ఇరుక్కున్నా అచ్చం ఓవర్‌ఫ్లో లాగే కనబడుద్ది. స్క్రూ కొంచెం వదిలి, రెండు సెకన్లు పెట్రోల్ సీసాలోకి పోనిచ్చి, మళ్ళీ బిగించండి. ఆగిపోతే అదృష్టం.

ఆగకపోతే ఇప్పుడు నీడిల్. బౌల్‌లోకి పెట్రోల్ వస్తూ ఉంటే ఫ్లోట్ తేలి పైకి లేచి నీడిల్‌ని దాని సీటులోకి నెట్టుద్ది, పెట్రోల్ ఆగుద్ది. టాయిలెట్ ట్యాంకులో బంతి ఎలగో ఇదీ అలగే. మధ్యలో చిన్న చెత్త పడినా మూతపడదు. అందుకే ముసలి మిస్త్రీలు స్క్రూడ్రైవర్ పిడితో బౌల్‌ని మెల్లగా రెండు దెబ్బలు కొడతారు, చెత్త కదిలి పోతే ధార ఆగిపోద్ది. కానీ మళ్ళీ మళ్ళీ కొట్టాల్సి వస్తుంటే విప్పాల్సిందే.

కాక్ ఆఫ్ చేసి, పైపు పీకి, బౌల్ స్క్రూలు విప్పండి. ఆ ప్లస్ స్క్రూల తలలు మెత్తగా ఉంటాయి, సరిపోయే స్క్రూడ్రైవర్ పెట్టి గట్టిగా నొక్కి తిప్పండి, అరిగిపోతే తర్వాత డ్రిల్లు బాధ. బౌల్ అడుగున ఏముందో పారబోసే ముందు చూడండి. ఎర్రటి పొడి ఉంటే ట్యాంక్ తుప్పు, కింద ముత్యాల్లా తేలకుండా దొర్లేవి ఉంటే నీళ్ళు, నల్లటి జిగురు ముక్కలుంటే పైపు లోపల కరుగుతోందని.

ఫ్లోట్ పిన్ను తోసేటప్పుడు జాగ్రత్త, అది పట్టుకుని ఉండే చిన్న స్తంభాలు అల్యూమినియంవి, సుత్తి పడితే విరుగుతాయి, విరిగితే కార్బొరేటర్ మొత్తం పోయినట్టే. కదలకపోతే చుక్క లూబ్రికెంట్ వేసి టైమివ్వండి. నీడిల్ బయటికి తీసి వెలుతురికి పెట్టి మొన చూడండి, రబ్బరు మొన చుట్టూ సన్నగా ఉంగరంలా గాడి పడితే అది అరిగిపోయింది, మార్చాలి. సీటుని చెవి పుల్ల దూదితో తుడవండి, ఎమరీ పేపరు మాత్రం తగలనివ్వకండి. సీటు మరతో విప్పొచ్చే రకమైతే నీడిల్, సీటు కలిపి జతగా కొనుక్కోండి.

ఫ్లోట్‌ని చెవి దగ్గర పెట్టి ఊపండి, లోపల గలగల వినబడితే పెట్రోల్ దూరింది, బరువెక్కింది, ఇంక తేలదు. డౌటుంటే వేడినీళ్ళ గిన్నెలో ముంచి పట్టుకోండి, బెజ్జం ఉన్న చోట బుడగలొస్తాయి. పొయ్యి మీద కాదు, పక్కకి తీసిన వేడినీళ్ళల్లో.

ఇవన్నీ బాగానే ఉన్నా కారుతుంటే అసలు దొంగ బౌల్‌లో ఉంటాడు. బౌల్ మధ్యలో నిలబడి ఉండే సన్న ఇత్తడి గొట్టం, ఓవర్‌ఫ్లోది, దానికి నిలువునా వెంట్రుకంత పగులు పడుద్ది. పెట్రోల్ మట్టం కరెక్టుగానే ఉన్నా పగులులోంచి దిగిపోతూనే ఉంటాది. గుణుపూర్ బస్టాండ్ వైపు ఒక మిస్త్రీ దీన్ని పట్టుకోడం చూశాను, నాలుగు చోట్ల నీడిల్ మార్పించుకొచ్చిన బండి అది. బౌల్ విప్పి చేతిలో పట్టుకుని, అందులో గొట్టం పైఅంచు తగలకుండా పెట్రోల్ పోసి, ఎండకెదురుగా పైకెత్తి కిందనుంచి చూస్తూ కూచున్నాడు, మాట్లాడలేదు, బీడీ కూడా దూరంగా పెట్టేశాడు. కాసేపటికి గొట్టం కింద చివర ఒక చుక్క ఊరింది, జారింది. అంతే, బౌల్ తిప్పి చూపించాడు. పగులు పడితే ఇత్తడి కదా టంకం వెయ్యొచ్చు, చేతనైనోడు చెయ్యాలి, లేదంటే పాత సామాన్ల కొట్లో అదే మోడల్ బౌల్ ఒకటి వెతుక్కోడం.

బిగించే ముందు మట్టం చూసుకోడానికి సులువు ఉపాయం ఉంది. డ్రెయిన్ గొట్టానికి లోపల కనబడే సన్న పైపు తొడిగి, దాన్ని బౌల్ పక్కనే పైకి ఎత్తి పట్టుకుని డ్రెయిన్ స్క్రూ వదలండి. పైపులో పెట్రోల్ బౌల్ అంచు కన్నా కొద్దిగా కింద ఆగాలి, కొన్ని మిల్లీమీటర్లు. అంచు దాటి పైకి వచ్చేస్తుంటే ఫ్లోట్ ఎత్తు తప్పింది. ఇత్తడి నాలుక ఉన్న ఫ్లోటైతే దాన్ని ఇసుమంత వంచి సరిచెయ్యొచ్చు, కొలత మీ బండి మాన్యువల్లో ఉంటాది, ఒక్కో కార్బొరేటర్‌కి ఒక్కో కొలత. ప్లాస్టిక్ ఫ్లోటైతే వంచడాలేం ఉండవు.

సైడ్ స్టాండ్ వేస్తేనే కారుద్ది, సెంటర్ స్టాండ్ మీద కారదు. ఎందుకు?

బండి ఎడమకి వాలితే బౌల్‌లో పెట్రోల్ ఒక పక్కకి చేరుద్ది, ఫ్లోట్ వంకరగా తేలుద్ది. మట్టం కరెక్టుగా ఉంటే ఈ వాలుకి కారకూడదు. కారుతుందంటే మట్టం అప్పటికే అంచు మీద ఉంది లేదా నీడిల్ అరగడం మొదలైంది అని అర్థం, ఇంకొన్నాళ్ళకి సెంటర్ స్టాండ్ మీద కూడా కారుద్ది. ఇంకో విషయం, సైడ్ స్టాండు వంగిపోయి బండి మరీ ఎక్కువ వాలిపోతోందేమో కూడా చూడండి, బస్తాలు మోసిన బళ్ళకి ఇది మామూలే.

ఇంజనాయిల్ పెరిగింది, పోసింది నేను కాదు! ఇదేటి?

ఇది నవ్వులాట కాదు, బండి స్టార్ట్ చెయ్యకండి. నీడిల్ పట్టనప్పుడు, ఓవర్‌ఫ్లో గొట్టం మూసుకుపోయి ఉంటే, పెట్రోల్ కిందకి పోయే దారి లేక కార్బొరేటర్ నోట్లోంచి ఇంజన్‌లోకి పోద్ది, వాల్వు తెరిచి ఉంటే సిలిండర్లోకి, పిస్టన్ రింగుల పక్కనుంచి కిందకి ఆయిల్లోకి. డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి, పెట్రోల్ కంపు కొట్టి నీళ్ళలా పల్చగా జారితే అదే. ఆ ఆయిల్‌తో తిప్పితే బేరింగులు, క్యామ్ అరిగిపోతాయి. సిలిండర్ నిండా పెట్రోల్ ఉండగా సెల్ఫ్ కొడితే కనెక్టింగ్ రాడ్డు వంగొచ్చు, బుల్లెట్ లాంటి పెద్ద ఇంజన్లో ఇంకా ప్రమాదం.

ప్లగ్గు విప్పి, ప్లగ్గు క్యాపుని బెజ్జానికి దూరంగా పెట్టి, ఇగ్నిషన్ ఆఫ్‌లోనే కిక్కు మెల్లగా తిప్పి లోపలుంది బయటికి పంపండి. ఆయిల్ మొత్తం మార్చండి. లీకు కారణం సరిచేశాకే కొత్త ఆయిల్ పొయ్యండి, లేకపోతే అదీ దండగ. అందుకే ఓవర్‌ఫ్లో పైపు కారుతోందని దానికి స్క్రూ కొట్టి మూసేసే తెలివైనోళ్ళని చూస్తే భయమేస్తాది, అది కారడం మిమ్మల్ని కాపాడ్డానికే.

ఆర్ఎక్స్ లాంటి టూస్ట్రోక్ బళ్ళకి కింద ఆయిల్ ఉండదు గాబట్టి పెట్రోల్ క్రాంక్ కేసులో చేరుద్ది, కిక్కు బరువవుద్ది, ప్లగ్గు తడిసిపోద్ది. ప్లగ్గు తీసి, కాక్ ఆఫ్ చేసి, కిక్కు కొడుతూ ఖాళీ చెయ్యడమే.

బౌల్ ప్యాకింగ్ విప్పితే సాగిపోయింది, మళ్ళీ గాడిలో కూచోట్లేదు. కొత్తది దొరకట్లేదు ఇక్కడ.

పెట్రోల్ తాగి ఉబ్బింది అంతే. నీడపట్టున పొడిగుడ్డ మీద ఒక పూట ఆరనివ్వండి, చాలాసార్లు మళ్ళీ చిన్నదై గాడిలో కూర్చుంటాది. పగుళ్ళు లేకపోతే వాడుకోవచ్చు. చదునుగా నొక్కుకుపోయి ఉంటే ఆరినా లాభం లేదు.

ప్యాకింగు మీద సిలికాన్ పూస్తే? టెఫ్లాన్ టేపు? కుళాయి ఓరింగు?

మూడింటికీ వద్దు అనే నా జవాబు. మామూలు సిలికాన్ పెట్రోల్ తగిలితే ఉబ్బి మెత్తబడి తునకలై జెట్లలోకి (కార్బొరేటర్లో పెట్రోల్ వెళ్ళే సన్న బెజ్జాలు) పోద్ది, రెండు నెలల తర్వాత బండి ఆగిపోతే ఎందుకో మీకు తట్టదు. టేపు పోగులు కూడా అంతే, పైగా కాక్ దగ్గర సీలు చేసేది మర కాదు ఓరింగు. నీళ్ళ కుళాయిల రబ్బరు కొన్ని రకాలు పెట్రోల్లో పడితే ఒక్క రాత్రికే రెండింతలవుతాయి. నైట్రైల్ రబ్బరు గానీ విటాన్ రబ్బరు గానీ అడగండి, విటాన్ రేటు ఎక్కువే కానీ ఇప్పటి పెట్రోల్‌కి అదే నిలబడుద్ది.

ఈ20 పెట్రోల్ వచ్చాకే నా బండి కారడం మొదలైంది. దాని వల్లేనా?

కొంత నిజం, కొంత ఊరి మాట. 2023 ఫిబ్రవరిలో ఈ20 మొదలైంది, అంటే 20 శాతం ఇథనాల్. అంతకుముందు 2022లోనే దేశమంతా సగటున 10 శాతానికి చేరింది. 2023 ఏప్రిల్ నుంచి వచ్చిన బళ్ళకే రబ్బర్లూ అవీ ఈ20కి తగ్గట్టు పెట్టారు, మన 1998 స్ప్లెండర్‌కి ఎవరు పెట్టారు? ఇథనాల్ పాత రకం రబ్బర్ని ఉబ్బించడం, గట్టిపరచడం చేస్తాది, ఇది నిజమే. అలాగే నీళ్ళని పీల్చుకుంటాది. వానాకాలంలో ట్యాంక్‌లోకి తేమ చేరితే కొంతవరకు కలిసిపోద్ది, ఎక్కువైతే ఇథనాలూ నీళ్ళూ కలిసి విడిపోయి అడుక్కి దిగుతాయి, అక్కడే తుప్పు మొదలవుద్ది.

కానీ పాతికేళ్ళ రబ్బరు ఏ పెట్రోల్‌కైనా పోయేదే. ఒకసారి పైపు, ఓరింగులు, బౌల్ ప్యాకింగు, నీడిల్ అన్నీ కొత్త రకం వేసేసుకుంటే గొడవ వదులుద్ది. పెట్రోల్‌ని తిట్టుకుంటూ పాత పైపుతోనే తిరిగితే ఏం లాభం.

ట్యాంక్‌కే బెజ్జం పడింది. వెల్డింగ్ చేయించనా?

దార్లో అయితే బట్టల సబ్బు. పాత ఉపాయం, నిజంగా పనిచేస్తాది, సబ్బు పెట్రోల్లో కరగదు. సబ్బు ముక్కని కొంచెం మెత్తగా పిసికి బెజ్జం మీద రుద్ది అదిమి పెట్టండి, ఇంటికి చేరొచ్చు. వానలో మాత్రం నిలవదు.

ఎపాక్సీ ముద్ద, అదే ఎంసీల్ రకం, పెట్రోల్ కారుతుండగా పెడితే అంటుకోదు. ట్యాంక్ ఖాళీ చేసి, రంగు గీకి మెరిసే ఇనుము తేల్చి, పూర్తిగా ఆరాక పెట్టి ఒక రాత్రి వదిలెయ్యాలి. అయినా అది టెంపరరీ అనుకోండి, ఎందుకంటే బెజ్జం బయట కనబడిందంటే లోపల చుట్టూ రేకు పల్చబడింది, పక్కన ఇంకోటి రెడీగా ఉంటాది.

వెల్డింగు గురించి గట్టిగా చెప్తున్నా. ఖాళీ ట్యాంక్ నిండు ట్యాంక్ కన్నా డేంజరు, లోపలంతా ఆవిరీ గాలీ కలిసి ఉంటాయి, మంట తగిలితే పేలుద్ది, మనుషులు పోయారు ఇలగ. పెట్రోల్ పారబోసి ఎండలో ఆరబెట్టాం కదా అనుకోవద్దు, తుప్పులో ఇంకిన పెట్రోల్ వేడికి మళ్ళీ ఆవిరవుద్ది. సర్ఫు వేసి వేడినీళ్ళతో చాలాసార్లు కడిగి, బెజ్జం చోటు తప్ప మిగతాదంతా నీళ్ళతో నింపి, అప్పుడు చేసే అనుభవం ఉన్నోడి దగ్గరికే వెళ్ళండి. రేడియేటర్లకి టంకం వేసే వాళ్ళు ఈ పని బాగా చేస్తారు. ఇంట్లో సొంతంగా వద్దు.

లోపల తుప్పు మామూలుగా ఉంటే గుప్పెడు నట్లు వేసి, కొంచెం డీజిల్ పోసి గిలకొట్టి కడిగెయ్యొచ్చు. వేసిన నట్లు లెక్కపెట్టుకోండి, తీసినవీ లెక్కపెట్టుకోండి.

ఫుల్ ట్యాంక్ కొట్టించి ఎండలో పెడితే మూత దగ్గర కారుతోంది.

పెట్రోల్ వేడికి బాగా పెరుగుద్ది. 10 లీటర్ల పెట్రోల్ 20 డిగ్రీలు వేడెక్కితే దగ్గర దగ్గర 200 ఎంఎల్ పెరుగుద్ది, బంకులో మెడ దాకా పోయించుకుని మధ్యాహ్నం రాయగడ మజ్జిగౌరి గుడి బయట ఎండలో పెడితే అది ఎక్కడికి పోవాలి? మెడ కింద ఖాళీ వదలండి. మూత లోపల రబ్బరు కూడా చూడండి.

మూతకి గాలి బెజ్జం ఒకటి ఉంటాది, అది మట్టితో మూసుకుంటే రెండు రకాల గొడవ. నడుస్తుంటే పెట్రోల్ దిగక బండి ఆగిపోద్ది, మూత తియ్యగానే బుస్సుమంటాది. ఎండలో నిలబెడితే లోపల ప్రెషర్ పెరిగి నీడిల్ని తోసి ఓవర్‌ఫ్లో చేస్తాది. సన్న తీగతో బెజ్జం శుభ్రం చేస్తే చాలు.

మా ఊరికి బంకు దూరం, కిరాణా కొట్లో సీసా పెట్రోలే దిక్కు. దానికీ లీకుకీ సంబంధం ఉందా?

ఉంది. కొండ మీద ఊళ్ళకి వేరే దారి లేదు, తెలుసు. ఆ సీసాల్లో మట్టి, ప్లాస్టిక్ తునకలు, ఒక్కోసారి కిరసనాయిలు, అదంతా నీడిల్ సీటు దగ్గరే ఇరుక్కుంటాది. పలచటి నూలు గుడ్డ పెట్టి గరాటుతో పొయ్యండి, పైపు మధ్యలో చిన్న ఫిల్టరు పెట్టించుకోండి. ఫిల్టరు పెట్టాక బండి ఎత్తుల్లో ఆగుతుంటే దాన్ని అడ్డంగా కాకుండా కిందకి వాలుగా పెట్టండి, కాక్ నుంచి కిందకి దిగే పెట్రోల్‌కి పంపు ఏమీ లేదు కదా.

నోటితో పైపు పీల్చి పెట్రోల్ తియ్యడం మానెయ్యండి. గుటక కన్నా ఊపిరితిత్తుల్లోకి పోయిన కొంచెమే ఎక్కువ ప్రమాదం, ఎవరైనా మింగితే వాంతి చేయించకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళండి.

సూరత్ నుంచి ఏడాదికి ఇంటికొచ్చా, బండి తియ్యగానే అన్ని చోట్లా కారుతోంది!

ఏడాది ఎండిన రబ్బర్లు కుంచించుకుపోయి ఉంటాయి. పెట్రోల్ తగిలాక కొన్ని మళ్ళీ ఉబ్బి ఒక రోజులో వాటంతటవే ఆగిపోతాయి, కాబట్టి మొదటి రోజే కార్బొరేటర్ విప్పెయ్యకండి, బండి బయట పెట్టి చూడండి. మర్నాటికీ కారితే మార్చండి. బౌల్లో పాత పెట్రోల్ ఎండి బంకలా అయితే నీడిల్ అతుక్కుపోద్ది, దాన్ని కడగాల్సిందే. మళ్ళీ వెళ్ళేటప్పుడు కాక్ ఆఫ్ చేసి బౌల్ డ్రెయిన్ చేసి పోండి.

స్పేర్లు ఎక్కడ మంచివి దొరుకుతాయి?

స్ప్లెండర్, సీడీ సామాన్లు రాయగడ, పర్లాకిమిడిలోనే దొరుకుతాయి. పాత యమహావి, బుల్లెట్‌వి అయితే పార్వతీపురం, శ్రీకాకుళం, లేదా బరంపురం వెళ్ళాలి, ఎవరైనా వైజాగ్ వెళ్తుంటే పాత పార్టు ఇచ్చి పంపడం మేలు. నీడిల్ విషయంలో డూప్లికేట్ వద్దు, మొన సరిగ్గా కోసి ఉండదు, కొత్తదే కారుద్ది. పైపు, క్లిప్పులు ఏ కంపెనీవైనా పర్లేదు.

ఎంత పోతోందో లెక్క ఎలగ?

సీసా అడుగు కోసి చుక్క కింద గంటసేపు పెట్టి కొలవండి. గంటకి 20 ఎంఎల్ అంటే రోజుకి దాదాపు అర లీటరు. ఇంట్లో వాళ్ళకి ఈ లెక్క చెప్తే స్పేరు డబ్బులు వెంటనే వస్తాయి.

యాక్టివాకి కాకే లేదు, అదీ కారుద్దా?

పాత యాక్టివాకి ఆటోమేటిక్ కాక్ ఉంటాది, ఇంజన్ లోపలికి పీల్చే గాలితో తెరుచుకుంటాది. లోపల పొర చిరిగితే ఆ గాలి పైపులోంచి పెట్రోల్ ఇంజన్లోకి పోద్ది. సన్న పైపు పీకి చూడండి, అందులో పెట్రోల్ తడి కనబడితే ఆ కాక్ మార్చండి, రిపేరు పనులొద్దు.

ఎఫ్ఐ బండికి కూడా ఇవే చెయ్యొచ్చా?

వద్దు. అందులో పంపు ఉంటాది, పైపులో ప్రెషర్ దగ్గర దగ్గర 3 బార్, చిన్న పగులు ఉన్నా చుక్కలా కాదు పిచికారీలా కొడుద్ది. మామూలు పెట్రోల్ పైపూ స్ప్రింగు క్లిప్పూ దానికి ఆగవు. తాళం ఆఫ్ చేసి, తోసుకుని సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్ళండి.